ఫెయిలైన బోరులో ఆరేళ్ళుగా నీళ్ళు కొలుస్తున్నాను

మాకు నల్గొండ జిల్లాలో ఆరెకరాల చెలక ఉంది. అందులో నాయిన పదమూడేళ్ళలో మూడు బోర్లు వేయించాడు. 2005లో వేసిన మొదటిది 210 అడుగులు. అది పదేళ్ళు నీళ్ళిచ్చింది. రెండెకరాల బత్తాయి తోట దాని చలవే. 2015లో వేసిన రెండోది 420 అడుగులు దిగినా దుమ్మే వచ్చింది. 2018లో వేసిన మూడోది 640 అడుగులు. ఆ రాత్రి నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి "తడి తగిలిందట బిడ్డా" అంది. పొద్దున మళ్ళీ ఫోన్ చేసింది కానీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ బోరుకు కేసింగుతో కలిపి అరవై వేలు దాటింది. మూడు నెలలు తిరక్కుండానే నాయినకు పక్షవాతం వచ్చింది. బోరు వల్లే వచ్చిందని నేను అనను, డాక్టర్లు బీపీ అన్నారు. మాట పడిపోయి, మళ్ళీ కొంచెం కొంచెంగా వస్తున్నప్పుడు ఆయన స్పష్టంగా అన్న మొదటి మాట "తోట". నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచరు పని మానేసి 2019 ఫిబ్రవరిలో ఊరికి వచ్చేశాను.

ఆ ఎండాకాలం ట్యాంకరు నీళ్ళతో తోటను నిలబెట్టాలని చూశాం. నూటయాభై చెట్లు. చెట్టుకు నాలుగు బిందెల చొప్పున పోస్తే మొదలు తడిసేది, పైన ఆకు మాత్రం ముడుచుకుపోయేది. ఏప్రిల్ చివరికి ముప్పై చెట్లు ఎండిపోయాయి. నాలుగో బోరు వేయాల్సిందేనని ఇంట్లో అందరి మాట. మా చిన్నాయిన "కొబ్బరికాయ పెట్టి చూసే ఆయనను పిలుస్తా, నువ్వు పైసలు చూసుకో" అన్నాడు.

రెండో బోరుకూ మూడో బోరుకూ పాయింట్ పెట్టింది అలాగే. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట పెట్టారు, ఇంకొకరు వేప పుల్ల వంగిన చోట పెట్టారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళు చూపించిన చోట నీళ్ళు పడ్డ బోర్లూ ఊళ్ళో ఉన్నాయి. అయితే పడ్డవాటి గురించి ఊరంతా చెప్పుకుంటుంది. పడనివి మాలాంటి ఇళ్ళల్లో అప్పుల్లో కలిసిపోతాయి, వాటి లెక్క ఎవరి దగ్గరా ఉండదు. నాకు కావలసింది ఆ లెక్క. ఎన్ని చోట్ల చూశారు, ఎన్ని చోట్ల పడ్డాయి, పడకపోతే ఎందుకు పడలేదు?

మా వ్యవసాయ విస్తరణ అధికారి ఒకసారి మాటల్లో వాల్టా చట్టం గురించి చెప్పింది. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన చట్టం. దాని ప్రకారం కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు వేయకూడదు. అనుమతి కోసం దరఖాస్తు పెడితే భూగర్భ జల శాఖ నుంచి జియాలజిస్టు వచ్చి పొలం చూస్తారు. మా ఊళ్ళో రాత్రికి రాత్రి బోర్లు దిగుతాయి కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. మీసేవలో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, సర్వే నంబరు, పాత బోర్ల వివరాలు ఇచ్చి దరఖాస్తు పెట్టాను. జూన్ మొదటి వారంలో జియాలజిస్టు సార్, ఇద్దరు సహాయకులు జీపులో వచ్చారు.

జీపులోంచి దిగగానే సార్ మిషన్ బయటికి తీయలేదు. ముందు నడవడం మొదలుపెట్టాడు. మా చెలకంతా తిరిగి, పక్కవాళ్ళ పొలాలు దాటి, వాగు దాకా వెళ్ళాడు. దారిలో కనిపించిన ప్రతి బోరు దగ్గరా ఆగి ఒకటే అడిగాడు. "కేసింగు ఎన్ని అడుగులు దిగింది?" బోరు లోతు అడగకుండా కేసింగు ఎందుకు అడుగుతున్నారని నేనే అడిగాను.

"కేసింగు వేసేది మెత్తటి రాయి కూలి బోరు పూడకుండా కదమ్మా. గట్టి రాయి తగలగానే ఆపేస్తారు. కాబట్టి కేసింగు ఎంత దిగిందో అక్కడ కుళ్ళిన రాయి మందం అంత. మీ మూడో బోరుకు ఎంత?"

"22 అడుగులు."

"వాగు దగ్గర ఆ బోరుకు?"

"ఎనభై దాకా వేశారట."

ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ రెండు అంకెలు మాకు ఎప్పటినుంచో తెలుసు. వాటిని పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం మాకెవరికీ తోచలేదు.

మా చెలకకు ఉత్తరం వైపు నల్లరాళ్ళ వరస ఒకటి కట్టలా పోతుంది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని మేకలు కాసేవాళ్ళం. అది మామూలు గుట్ట కాదట. కోట్ల ఏళ్ళ కింద గ్రానైటు పగులులోకి లోపలి నుంచి కరిగిన రాయి ఎక్కి గడ్డకట్టింది. డైక్ అంటారు. పగుళ్ళు లేని చోట అది భూమి లోపల అడ్డుగోడలా నిలబడి, పై వైపు నుంచి వచ్చే నీళ్ళను ఆపుతుంది. మా రెండో బోరు సరిగ్గా దానికి కింది వైపు, ఇరవై గజాల దూరంలో ఉంది. సార్ ఆ బోరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు గానీ ఏమీ అనలేదు. నాయిన ఆ రోజు అక్కడ లేకపోవడం మంచిదైందనిపించింది.

తర్వాత మిషన్ తీశారు. అదొక పెట్టె, దానికో బ్యాటరీ, నాలుగు ఇనుప కడ్డీలు, రెండు పెద్ద వైరు చుట్టలు. నాలుగు కడ్డీలను ఒకే వరసలో నేలలో దిగగొడతారు. బయటి రెండింటిలోంచి కరెంటు పంపిస్తారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చదువుతారు. బయటి కడ్డీలను దూరం జరుపుతూ పోతే కరెంటు అంత లోతుకు దిగుతుంది. సహాయకులు చెరో వైపు నడుస్తూ "పది... పదిహేను... ఇరవై..." అని మీటర్లు అరుస్తుంటే, మధ్యలో గొడుగు కింద కూర్చున్న సార్ అంకెలు రాసుకున్నాడు. నేల ఎండిపోయి కడ్డీలకు పట్టు దొరకని చోట ఉప్పునీళ్ళు పోశారు. ఆ బిందె మోసింది నేనే.

నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పేదే ఆ అంకె, దాన్ని ఓమ్ మీటర్లలో రాస్తారు. పొడిగా ఉన్న గట్టి గ్రానైటు కరెంటును పోనివ్వదు, అంకె వేలల్లోకి వెళుతుంది. కుళ్ళి నీళ్ళు పట్టిన రాయి పోనిస్తుంది, అంకె పడిపోతుంది. మూడో బోరు దగ్గర కొలిస్తే పది మీటర్లు దాటేసరికే అంకెలు వేలల్లోకి ఎక్కి ఇక దిగలేదు. 640 అడుగుల బోరు కింద ఏముందో ఆ కాగితం మీద గీత రూపంలో కనిపించింది. తల తిరిగినట్టయింది. ఆ గీత కోసం మాకు పట్టింది ఒక గంట, నాలుగు బిందెల ఉప్పునీళ్ళు.

మధ్యాహ్నం దాటాక వాగు వైపు మూలలో కొలిచారు. అక్కడ అంకెలు ముందు ఎక్కువగా ఉండి, తర్వాత 50 ఓమ్ మీటర్ల చుట్టుపక్కల చాలా దూరం నిలిచి, ఆపైన మెల్లగా లేచాయి. నేను సంబరంగా "నీళ్ళున్నట్టేనా సార్?" అన్నాను.

"నీళ్ళున్నాయని మిషన్ చెప్పదమ్మా. బంకమన్ను కూడా కరెంటును బాగా పోనిస్తుంది, అంకె తక్కువ ఉంటే నీళ్ళే అనుకోవద్దు. పక్క బోర్ల కేసింగు, వాగు, ఈ గీత, మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఇక్కడ వేయమంటున్నాను. పడతాయని హామీ ఇవ్వను. 260 అడుగుల దాకా వేయండి. అక్కడికి పడకపోతే ఆపేయండి, ఇంకా కిందికి పోవద్దు."

ఎందుకు పోవద్దన్నది నాకు చాలా ముఖ్యమనిపించింది. ఎందుకంటే మా ఊళ్ళో అందరి నమ్మకం, నీళ్ళు కిందెక్కడో పాతాళంలో ఉంటాయనీ, లోతుకు పోయే ధైర్యం ఉన్నవాడికే దక్కుతాయనీ. సార్ నేల మీద కర్రతో మూడు గీతలు గీసి చెప్పాడు. మా దగ్గర పైన మట్టి, మొరం, కుళ్ళిన రాయి. దాని కింద పగుళ్ళ పొర. దాని కింద పగుళ్ళు లేని గట్టి రాయి. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి హైదరాబాద్‌లో 1999లో ఒక పరిశోధన కేంద్రం పెట్టి, మహేశ్వరం దగ్గర గ్రానైటు నేలల్లో ఏళ్ళ తరబడి బోర్లు పరిశీలించారట. నీళ్ళిచ్చే పగుళ్ళు ఎక్కువగా కుళ్ళిన రాయి అడుగు నుంచి మొదటి కొన్ని పదుల మీటర్లలోనే ఉంటాయనీ, లోతుకు పోయే కొద్దీ అవి తగ్గిపోతాయనీ అక్కడ తేలింది. హైదరాబాద్, విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ క్యాంపస్ ముందు నుంచి నేను ఎన్నిసార్లు బస్సులో పోయానో. ఆ గోడ లోపల మా బోర్లకు సంబంధించిన పని జరుగుతోందని ఏ రోజూ అనుకోలేదు.

అనుమతి కాగితం వచ్చాక జూన్ చివర్లో రిగ్గు పిలిచాం. రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. ఆ రాత్రి టెన్షన్ నేను మరిచిపోలేను. అమ్మ పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. నేను టార్చిలైటు, నోటుబుక్కు పట్టుకుని, ప్రతి పది అడుగులకూ పైకి వచ్చిన పొడిని చిన్న కుప్పలుగా వరసలో పెట్టించాను. సార్ చెప్పిన పనే అది. ఎర్రమట్టి, మొరం, తర్వాత పసుపు కలిసిన బూడిదరంగు. 70 అడుగుల దగ్గర గట్టి రాయి తగిలి చప్పుడు మారింది. కేసింగు దించారు. 118 దగ్గర పొడి కొంచెం తడిగా వచ్చింది. 164 దగ్గర డ్రిల్లు ఒక్కసారిగా జారినట్టయి, "గ్యాప్ తగిలింది అక్కా" అని కుర్రాడు కేక వేసేలోపే నీళ్ళు ఎగజిమ్మాయి. బురదతో తడిసిపోయి అమ్మ ఏడ్చేసింది.

260 దాకా దిగాక ఆపమన్నాను. రిగ్గు మేస్త్రి ఒప్పుకోలేదు. "ఇంచున్నర ఉంది అక్కా, ఇంకో రెండొందలు వేస్తే మూడు ఇంచులవుతాయి. మళ్ళీ రిగ్గు తెచ్చుకోవాలంటే కష్టం." చిన్నాయిన కూడా అదే అన్నాడు. రిగ్గు వాళ్ళకు కూలి అడుగుల లెక్కన ఉంటుంది నిజమే, కానీ మేస్త్రి నా మేలు కోరే అన్నాడని ఇప్పటికీ నమ్ముతున్నాను. అర్ధరాత్రి, ఇంజను చప్పుడులో, అందరూ నా మొహం చూస్తుంటే, ఆశ చాలా బలంగా లాగుతుంది. నాయిన 420కి, 640కి ఎలా పోయాడో నాకు ఆ నిమిషంలో అర్థమైంది. ఆపమని రెండోసారి చెప్పడానికి నాకు ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

మోటారు దించాక నీళ్ళెన్నో నేనే కొలిచాను. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండడానికి 165 సెకన్లు పట్టింది. అంటే గంటకు దాదాపు 4,360 లీటర్లు. నీటి శాంపిల్ పరీక్షకు ఇస్తే ఫ్లోరైడు లీటరుకు 1.9 మిల్లీగ్రాములు వచ్చింది. తాగే నీళ్ళలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడు అంటే ఏమిటో నల్గొండ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు చూస్తూ పెరిగాం. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెడితే దానికి మా జిల్లా పేరే పెట్టారు. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్ళు ఆ రాయిని అంటిపెట్టుకుని చాలాకాలం ఉంటే అది నీళ్ళలోకి దిగుతుంది. కొత్త బోరు నీళ్ళు ఇంట్లో ఎవరూ తాగకూడదని ఆ రోజే చెప్పేశాను. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళే.

ఇంతవరకు బోరు కథ. నాకు ఎక్కువ విలువైనది దీని తర్వాత జరిగింది.

సర్వే రోజు సాయంత్రం వెళ్ళబోతూ సార్ మా మూడో బోరు మూతి దగ్గర ఆగాడు. గోనె సంచి కప్పి, దాని మీద రాయి పెట్టి ఉంది. పిల్లలు తిరిగే చోట అలా వదిలేయొద్దని ముందు కోప్పడ్డాడు, ఇనుప మూత బిగించమన్నాడు. తర్వాత సంచి తీసి, చివర బరువున్న ఒక టేపును లోపలికి వదిలాడు. కాసేపటికి టేపు పెట్టెలోంచి బీప్ అని మోగింది. "21.3" అన్నాడు.

21.3 మీటర్లు. అంటే 70 అడుగులు. 640 అడుగులు తవ్వి, ఫెయిలైందని వదిలేసిన బోరులో 70 అడుగుల దగ్గర నీళ్ళు నిలబడి ఉన్నాయి. నేను నమ్మలేక మళ్ళీ వేయమన్నాను. మళ్ళీ అదే. సార్ చెప్పింది ఇది. చుట్టుపక్కల భూమిలో నీళ్ళు ఏ మట్టంలో ఉన్నాయో, ఈ గొట్టంలోనూ మెల్లగా ఊరి ఆ మట్టానికి వస్తాయి. కానీ వచ్చే దారులు వెంట్రుకంత సన్నం. మోటారు పెడితే కాసేపట్లో ఖాళీ, నిండడానికి రోజులు. తోడడానికి పనికిరాదు గానీ కొలవడానికి పనికొస్తుంది. మోటారు లేదు, పైపులు లేవు, టేపు ఎక్కడా ఇరుక్కోదు.

"పదిహేను రోజులకోసారి కొలిచి రాయండమ్మా. పొద్దున్నే, ఎవరూ మోటారు వేయకముందు. కేసింగు అంచు నుంచి కొలిచి, నేల మీద కేసింగు ఎంత ఎత్తుందో అంత తీసేయండి. మా శాఖ ఫీజోమీటరు, అంటే నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు, పక్క ఊళ్ళో ఉంది. మీ పొలం కింద ఏం జరుగుతోందో మీకే తెలియాలి."

2000లలో మా జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఇలా నీటిమట్టాలు, వానలు కొలిచి, యాసంగికి ముందు ఊళ్ళో కూర్చుని ఏ పంటకు ఎన్ని నీళ్ళో లెక్క వేసుకున్న కార్యక్రమం ఒకటి నడిచిందని కూడా ఆయనే చెప్పాడు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి అండగా నిలిచింది. మా ఊరు అందులో లేదు.

ఒక టేపు కొన్నాను. ప్రతి నెలా 1న, 15న తెల్లవారకముందే వెళ్ళి కొలవడం మొదలుపెట్టాను. నాలుగైదు నెలల దాకా అది వట్టి అంకెల పట్టికే. తర్వాత దానికి అర్థం రావడం మొదలైంది. లెక్కల టీచరును కదా, ఒక వానాకాలపు మధ్యాహ్నం నాయిన మంచం పక్కన కూర్చుని పలక మీద వేసి చూశాను.

మా దగ్గర ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. భూగర్భ జలాల అంచనాకు ప్రభుత్వం వాడే పద్ధతిలో, మా లాంటి గ్రానైటు నేలల్లో వాన నీళ్ళలో ఇంకేది నూటికి 11 వంతులని తీసుకుంటారు, బంకమన్ను ఎక్కువుంటే 8 వంతులు. 11 అనే అనుకుందాం. అంటే 77 మిల్లీమీటర్లు. ఎకరాకు మూడు లక్షల లీటర్లు. మా ఆరెకరాలకు ఏడాదికి పద్దెనిమిది లక్షల లీటర్లు. నా బోరును రోజుకు ఏడు గంటలు, నాలుగు నెలలు నడిపితే తోడేది ముప్పై ఆరు లక్షలు.

పలక మీద ఆ రెండు అంకెలు చూస్తూ ఉండిపోయాను. మిగతా పద్దెనిమిది లక్షల లీటర్లు ఎవరివి? నా బోరు, నా కరెంటు, నా పొలం అనుకుంటూ నేను తోడేది చిన్నాయిన పొలం మీద పడిన వానను. ఆయన తోడేది ఇంకొకరి మీద పడినదాన్ని. వరి లెక్క ఇంకా భయపెట్టింది. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల చొప్పున నలభై ఎనిమిది లక్షల లీటర్లు కావాలి. అంటే పదిహేనెకరాల మీద ఏడాదంతా ఇంకిన వాన. మడిలో పెట్టిన నీళ్ళలో సగం మళ్ళీ కిందికే దిగుతాయనుకున్నా, ఏడెనిమిది ఎకరాల నీళ్ళు. మా ఊళ్ళో బోర్ల కింద వేసే ప్రతి ఎకరా వరి వెనకా కనిపించకుండా ఏడెనిమిది ఎకరాలున్నాయి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. మా రాయిలో నీళ్ళు పట్టే ఖాళీ నూటికి ఒకటిన్నర వంతు. చెరువులో మీటరు నీళ్ళు తగ్గితే మీటరు నీళ్ళు పోయినట్టు. మా భూమిలో మట్టం మీటరు పడితే పోయింది ఒకటిన్నర సెంటీమీటర్ల నీళ్ళే. అందుకే పది రోజులు అందరూ మోటార్లు వేస్తే అంతగా పడిపోతుంది, ఒక మంచి వానకు అంతగా లేస్తుంది. ఆ లేవడం చూసి మోసపోకూడదు. 2020లో ఊరంతా మోసపోయింది. ఆ అక్టోబరు వానలు ఎవరూ మరిచిపోరు, హైదరాబాద్ మునిగింది. మా మూడో బోరులో మే నెలలో నేల నుంచి 19.9 మీటర్ల లోతున ఉన్న మట్టం నవంబరుకు 5.8 మీటర్లకు వచ్చింది. పాత మోటబావుల్లో నీళ్ళు చూసి ముసలివాళ్ళు దండం పెట్టారు. ఆ యాసంగి ఎటు చూసినా వరే. అది చూడటానికి ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. మేలో కొలిస్తే మళ్ళీ 11.2కు దిగింది.

నేను వరి వేయలేదు. బతికిన 94 బత్తాయి చెట్లకు డ్రిప్పు వేయించి, వేసవిలో చెట్టుకు రోజుకు 80 లీటర్లు, చలికాలంలో అందులో సగం చొప్పున ఇస్తున్నాను. ఏడాదికి పదకొండు, పన్నెండు లక్షల లీటర్లు దాటదు. మిగతా భూమిలో వానకు కంది, అంచుల్లో పెసర. డబ్బు తక్కువే. 2021లో, 2022లో నీళ్ళుండి కూడా వరి వేయలేదని ఊళ్ళో నన్ను చాలామంది అన్నారు, చిన్నాయినతో సహా. అమ్మ కూడా అంది. ఆ రెండేళ్ళు నాకు కష్టంగా గడిచాయి. నా లెక్క తప్పేమోనని రాత్రుళ్ళు మళ్ళీ మళ్ళీ వేసుకునేదాన్ని.

2023 ఆగస్టులో వాన దాదాపు కురవలేదు. దేశమంతటికీ వందేళ్ళకు పైగా ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదు. ఏటా సెప్టెంబరులో మట్టం పైకి లేస్తూ ఉండాలి, ఆ ఏడు ఆగిపోయింది. అక్టోబరు 15న 9.7 ఉంది. నేను నోటుబుక్కు తీసుకుని చిన్నాయిన ఇంటికి వెళ్ళాను. "ఈసారి వరి రెండెకరాలకు సరిపోదు చిన్నాయినా, ఒక్క ఎకరానే వేయి" అన్నాను. ఆయన నవ్వి వేయనన్నట్టు తల ఊపాడు గానీ మూడెకరాలు వేశాడు. మార్చిలో రెండెకరాలు పొట్ట దశలో ఎండాయి. గొర్రెలను తోలారు. 2024 మేలో నా బోరులో మట్టం 18.4. అంకె సరిపోయిందని నాకేమీ సంతోషం కలగలేదు. పచ్చటి పొట్ట వరిని గొర్రెలు మేస్తుంటే గట్టు మీద కూర్చున్న ఆయనను చూశాక, ఆ లెక్క పట్టుకుని ఇంకో రెండుసార్లు ఎందుకు పోలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ఏడాది డిసెంబరు 4న పొద్దున 7:27కి ములుగు దగ్గర భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లో కూడా ఇళ్ళు ఊగాయి. మా ఇంట్లో వంటింటి గిన్నెలు కదిలాయి, నాయిన మంచం కదిలిందని గట్టిగా అరిచాడు. సాయంత్రానికి ఊళ్ళో ఒక మాట పుట్టింది, ఇన్ని బోర్లు వేసి భూమిని గుల్ల చేసినందుకే ఇది వచ్చిందని. నన్ను అడిగారు, ఎందుకంటే అప్పటికి నేను ఊళ్ళో "నీళ్ళు కొలిచే టీచరమ్మ"ను. సార్‌కు ఫోన్ చేశాను. ఆ భూకంపం పుట్టింది 40 కిలోమీటర్ల లోతులో, మన అన్నిటికన్నా లోతు బోరు కిలోమీటరులో ఐదో వంతు కూడా లేదు అన్నాడు. గోదావరి లోయ వెంట భూమిలో రాళ్ళు విరిగి జరిగిన పాత భ్రంశాలు ఉన్నాయి, 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిందీ ఆ లోయలోదే. పెద్ద జలాశయాల కింద భూకంపాలు రావడం మాత్రం శాస్త్రవేత్తలు చూశారనీ, మహారాష్ట్రలోని కోయనా దగ్గర 1967లో వచ్చింది అలాంటిదేననీ చెప్పాడు. భూకంపాలప్పుడు కొన్ని బావుల్లో మట్టం మారుతుందని విని, అదే రోజు సాయంత్రం, మర్నాడు పొద్దున, వారం తర్వాత కొలిచాను. ఎప్పుడూ దిగే లెక్కనే దిగుతోంది, వేరే తేడా కనబడలేదు. తేడా లేదనే రాసి పెట్టాను.

ఇప్పుడు నా నోటుబుక్కు మూడోది నడుస్తోంది. సార్ బదిలీ అయ్యి వెళ్ళాడు. ఆయన తర్వాత వచ్చిన మేడం నా అంకెలను పక్క ఊరి ఫీజోమీటరు అంకెల పక్కన పెట్టి చూసింది. అందులో యంత్రమే గంటల లెక్కన మట్టం రాసుకుంటుంది. రెండు గీతలూ కలిసే లేచాయి, కలిసే దిగాయి. ఆ కాగితం నాయినకు చూపించి, ఇది నువ్వు వేసిన మూడో బోరు నుంచి వచ్చిందే అని చెప్పాను. చాలాసేపు దాని మీద వేలు పెట్టి గీత వెంట జరిపాడు.

2025 మే 15న కొలిచినప్పుడు 14.9. ఆ రోజు నేను వెళ్ళేసరికే చిన్నాయిన బోరు దగ్గర మూత తీసి కూర్చుని ఉన్నాడు. టేపు తనే వదిలాడు. బీప్ రాగానే అంచు దగ్గర బొటనవేలు పెట్టి పట్టుకుని, "నాకు కనబడదు, నువ్వే చదువు" అన్నాడు. చదివాను. కేసింగు ఎత్తు తీసేశావా అని అడిగాడు. తీసేశానన్నాను. యాసంగికి ఎకరా వరి, మిగతా రెండెకరాలు వేరుశనగ వేస్తే సరిపోతుందా అని అడిగాడు. అక్టోబరు 15 అంకె చూసి చెబుతానన్నాను.